చీటీ మీద ‘సీఓఈ 90’ అని ఉంటే సరిపోదు, జాగ్రత్త!

కిల్న్ కొలిమిలో గాజు కరిగించి గెలాక్సీల, నెబ్యులాల (అంతరిక్షపు మబ్బుల) రూపాలు చేసేవాళ్లందరికీ మనవి. కంపెనీ పేరు లేని ఫ్రిట్ (గాజు నలుసుల) ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో కొనకండి.

ఓరియన్ నెబ్యులా పళ్లెం కోసం అడుగున బుల్స్‌ఐ కంపెనీ నల్ల గాజు వేశాను. మబ్బులకు కావలసిన గులాబీ, ఊదా ఫ్రిట్ మాత్రం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర తెప్పించాను. ప్యాకెట్ మీద చేత్తో రాసిన ‘సీఓఈ 90’ (వేడికి గాజు ఎంత సాగుతుందో చెప్పే అంకె) తప్ప ఇంకేమీ లేదు. కిల్న్ తెరిచిన రోజు పళ్లెం కళ్లు చెదిరేలా వచ్చింది. తర్వాత, ఎవరూ ముట్టుకోకుండానే, అల్మరాలో ‘టిక్’మని పగిలింది.

అమ్మినాయన్ని అడిగితే, మీరు సరిగ్గా చల్లార్చలేదన్నాడు. అది అబద్ధం. 482 డిగ్రీల దగ్గర నిలిపి, నెమ్మదిగానే దించాను. పైగా చల్లార్చడంలో లోపముంటే పగులు మామూలుగా పళ్లానికి అడ్డంగా, వంకరగా పోతుంది. నా పళ్లెంలో అది గులాబీ మబ్బు అంచు వెంటే చుట్టూ తిరిగింది. రెండు గాజులకూ పొత్తు కుదరలేదనడానికి అదే గుర్తు.

90 అంటే ఒక్కో డిగ్రీకి గాజు పొడవులో కోటికి 90 వంతులు సాగుతుందని. 96 రకం ఇంకాస్త ఎక్కువ సాగుతుంది. 800 డిగ్రీల దగ్గర రెండూ హాయిగా కలిసిపోతాయి. చల్లారి గట్టిపడ్డాక ఒకటి ఎక్కువ ముడుచుకుని రెండోదాన్ని లాగుతుంది. అంకె ఒకటే అయినా పొత్తు ఖాయం కాదు. వేడికి గాజు ఎంత చిక్కగా ఉంటుందన్నదీ లెక్కలోకి వస్తుంది. చుక్కలకు వాడే డైక్రోయిక్ (రంగులు మారే పూత వేసిన గాజు) ముక్కలకూ ఇదే వర్తిస్తుంది. పూత ఏ గాజు మీద వేశారో అడగండి.

కొత్త ప్యాకెట్ ఏదైనా ముందు పరీక్షించండి. మీరు నమ్మిన పారదర్శక గాజు పట్టీ మీద చిటికెడు ఫ్రిట్ కుప్పగా పోసి, పూర్తిగా కరిగించి, చల్లార్చండి. రెండు పోలరైజింగ్ ఫిల్ములను ఒకదానికొకటి అడ్డంగా, వెలుతురు ఆగిపోయేలా తిప్పి, మధ్యలో ఆ పట్టీని పెట్టి దీపానికెదురుగా చూడండి. మచ్చ చుట్టూ చీకటిగానే ఉంటే మంచిదే. అంచున తెల్లటి వెలుగు వలయం కనిపిస్తే ఆ ఫ్రిట్‌ను పక్కన పెట్టేయండి.

నా డబ్బు తిరిగి రాలేదు. మీరు ఇప్పటికే ఇలాంటివి కొని ఉంటే, దయచేసి పాత సీసాల్లో మాత్రం కలపకండి. ఒకసారి కలిసిపోతే ఏ నలుసు ఏ గాజుదో ఎవరూ ఏరలేరు, సీసా మొత్తం పారబోయాల్సిందే.