పాత పుస్తకంలో తాతల చేవ్రాలు: అవ్వనడగాలా, ఆఫీసుకెళ్లాలా?

ఇంట్లో తరాలుగా ఉన్న పురాణం పుస్తకం తెరిస్తే అట్ట లోపల "విశ్వావసు సం. మాఘ శు. సప్తమి, చిత్తూరు" అని రాసి, కింద ఎవరిదో చేవ్రాలు ఉందనుకోండి. ఆ పేరు మీ నాన్నగారు కూడా వినలేదు. ఇక దారులు రెండు: పెద్దవాళ్లను అడగడం, లేదా రికార్డులు తిరగేయడం.

ఏ దారైనా ముందు తేదీ తేల్చుకోవాలి. విశ్వావసు 60 ఏళ్లకోసారి వస్తుంది: 1905-06, 1965-66, మళ్లీ 2025-26. మాఘం తెలుగు సంవత్సరం చివర్లో వస్తుంది కాబట్టి ఆ రథసప్తమి 1906లోదో 1966లోదో అవుతుంది. టైటిల్ పేజీలో అచ్చు సంవత్సరం 1950 అని ఉంటే గొడవే లేదు. 1890 అయితే రెండూ పొసుగుతాయి. అప్పుడు పక్కన వారం పేరు రాసి ఉంటే పాత పంచాంగంతో సరిచూడాలి.

1906 అని తేలిందంటే రికార్డుల దారి ఒక్కసారిగా పొడవైపోతుంది. అప్పటికి చిత్తూరు జిల్లానే లేదు, అది 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్య పట్టణం. మదనపల్లె, వాయల్పాడు వాళ్లదైతే కడప జిల్లా. ఆ కాలం ప్రభుత్వ కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్ దాకా వెళ్లాల్సి రావచ్చు. పైగా మీ ఊరు సర్కారుదా, జమీందారీదా అన్నది ఇంకో మెలిక. కార్వేటినగరం, పుంగనూరు, కాళహస్తి జమీన్ల కింది ఊళ్లకు రైతువారీ సెటిల్‌మెంటు, అంటే సర్కారు నేరుగా రైతు పేర భూమి రాయడం, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతి మాట. అక్కడ తహసీల్దారు ఆఫీసులో ముత్తాత పేరు దొరుకుతుందని పెద్దగా ఆశపడొద్దు. భూమే లేని కుటుంబమైతే ఈ దారి గుమ్మంలోనే ఆగిపోతుంది.

అందుకే నా ఓటు అవ్వకే. పుస్తకాలు చాలాసార్లు ఆడపిల్లతో పాటు అత్తారింటికి వస్తాయి. చేవ్రాలులోని ఇంటిపేరు మీది కాకపోవడానికి అదే కారణం కావచ్చు. పట్టాలు మాత్రం ఎక్కువగా మగవాళ్ల పేర్ల మీదే నడిచాయి కనుక ఆ సంగతి ఊరి భూముల లెక్క రాసే ఏ అడంగల్లోనూ ఉండదు. మేనత్తకో అవ్వకో ఇట్టే తెలుస్తుంది. అయితే "ఈయనెవరు?" అని సూటిగా అడిగితే "ఏమోలే నాయనా" అంటారు. పుస్తకం చేతికిచ్చి, దీన్ని ఎవరు చదివేవాళ్లు, ఎవరింట్లో ఉండేది అని కదపండి, కథ దానంతటదే వస్తుంది. ఇంట్లో తద్దినాలు పెట్టే ఆచారముంటే పురోహితుణ్ణీ అడగండి. మంత్రంలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, గోత్రంతో సహా చెప్పాలి కదా. అంత నమ్మకంగా మూడు తరాలు అప్పజెప్పేవాళ్లు ఇంకెవరున్నారు?

పెద్దల దారిలో ఒక్క లోపం ఉంది. తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకు అలవాటు. దాంతో ఒకే పేరున్న ఇద్దరినీ కలిపేసి ఒకరి ఘనత ఇంకొకరికి అంటగడతారు. మన ఇళ్లలో ఈ తికమక తప్పదు. అక్కడ కాగితమే గెలుస్తుంది, కానీ దానికి ఆఫీసు అక్కర్లేదు. ట్రంకు పెట్టెలో పాత క్రయ దస్తావేజు ఉందేమో చూడండి. "ఫలానా వారి కుమారుడు ఫలానా" అని తండ్రి పేరుతో సహా అందులో రాసి ఉంటుంది. కింద సంతకం కూడా ఉంటే పుస్తకంలోని చేవ్రాలు పక్కన పెట్టి చూసుకోవచ్చు.