పెళ్లి ఫొటోల డ్రైవు మీద మూడేళ్లు ఎఫ్‌డూప్స్ వాడాక నా మాట

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఫొటో స్టూడియో. పెళ్లిళ్లకి ఇటు గుణుపూర్, అటు బోర్డరు దాటి పాతపట్నం, టెక్కలి దాకా ఎల్తాం. సీజన్లో రాత్రి రెండింటికి ఇంటికొచ్చి, కార్డు ఎక్కడ పాడైపోద్దో అన్న భయంతో అదే కార్డుని రెండు మూడుసార్లు కాపీ కొట్టి పడుకునేవాణ్ణి, అలా అలా 4 టీబీ డ్రైవు నిండిపోయింది. పేర్లు చూసి తీసేద్దామంటే కుదరదు, కెమెరా 9999 దాటితే మళ్లీ 0001 నుంచి మొదలెడద్ది కదా, ఒకే పేరుతో ఒక ఫోల్డర్లో తలంబ్రాలు ఉంటాయి, ఇంకో దాంట్లో వేరే వాళ్ల అప్పగింతలు.

ఎఫ్‌డూప్స్ అంటే డూప్లికేట్ ఫైళ్లు వెతికిపెట్టే ప్రోగ్రామ్, అది పేరు జోలికే పోదు. ముందు సైజు చూస్తుంది, సైజు కలవని ఫైలుని అసలు చదవదు, కలిస్తే మొదటి ముక్కకి ఎండీ5 చెక్‌సమ్ (లోపలి డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడు), అదీ కలిస్తే ఫైలు మొత్తానికి, ఆఖర్న రెండిటినీ బైటు బైటు పోలుస్తుంది. వేరేవేరే ఫైళ్లకి ఒకే ఎండీ5 వచ్చేలా చెయ్యొచ్చని 2004లోనే చూపించారు, అయినా ఆ ఆఖరి పోలిక ఉంది గనక నాకు బెంగ లేదు. మూడేళ్లలో ఒక్క ఫొటో కూడా తప్పుగా పట్టుకోలేదు.

తప్పు జరిగింది నా దగ్గర. అడక్కుండా మొదటిది ఉంచి మిగతావి తీసేసే ఆప్షన్ ఉంది, కమాండులో డీ, ఎన్ కలిపి ఇస్తే. ఓ గుణుపూర్ పెళ్లివాళ్లు రెండు రోజులు కూర్చుని ఆల్బమ్‌కి 180 ఫొటోలు ఏరి పెట్టారండి, అది విడి ఫోల్డర్. చెక్‌సమ్ లెక్కలో అవన్నీ డూప్లికేట్లే, మొత్తం ఖాళీ చేసేసింది. ఒరిజినల్స్ ఉన్నాయి గానీ ఏవి ఏరారో ఎలా తెలుస్తుంది, పెళ్లికూతురి వాళ్లమ్మగారికి ఫోన్ చేసి మళ్లీ రమ్మని అడగాల్సి వచ్చింది, ఆవిడ ఏమీ అనకుండా వచ్చారు, నాకు ఇప్పటికీ బాధే. అప్పట్నుంచి ఎన్ ముట్టుకోలేదు, బ్యాకప్ డ్రైవుని కూడా దీనికి చూపించను, బ్యాకప్ అంటేనే డూప్లికేట్ కదా. రెండు ఫోల్డర్లూ ఉండాలి, జాగా మిగలాలి అంటే జేడూప్స్ అని ఇలాంటిదే ఇంకో ప్రోగ్రామ్ ఉంది, దాంతో హార్డ్‌లింకులు (డ్రైవులో ఒక్కసారే ఉన్న ఫైలు రెండు ఫోల్డర్లలోనూ కనిపించేలా చేసేవి) పెట్టుకోండి, అది ఒకే డ్రైవులో ఒకే పార్టిషన్ మీదే కుదురుతుంది, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉన్న డ్రైవుల్లో కుదరదు.

వాట్సాప్‌లో తిరిగొచ్చిన ఫొటోలకి ఇది పనిచెయ్యదు, అక్కడ సైజు తగ్గిపోయి ఫైలే మారిపోద్ది. వాటికి డూప్‌గురు అనే ఇంకో ప్రోగ్రామ్‌లో పిక్చర్ మోడ్ వాడతాను, కానీ అది ఒకేలా కనిపించేవి చూపిస్తుంది, కళ్లతో చూడకుండా తీయకండి.

ఇప్పుడు ఏ ఆల్బమ్ ఫోల్డర్ అయినా ముందు ఎండీ5సమ్ అనే కమాండుతో చెక్‌సమ్‌ల లిస్టు తీసి టెక్స్ట్ ఫైల్లో దాచుకుంటున్నా. మొన్న ఒకాయన పాత ఆల్బమ్ మళ్లీ వేయించాలని వచ్చారు, ఫోల్డర్ లేదు, పేర్లూ మార్చేసి ఉన్నాయి, అయినా ఆ లిస్టులో చెక్‌సమ్‌లతో పోల్చి అన్ని ఫొటోలూ ఒక పూటలో తీసిచ్చాను.