మొజాయిక్‌లో పెయింటింగ్ కళ రావాలంటే: ఒకటే గ్రౌటా, చోటుకో రంగా?

టైల్ ముక్కలన్నీ అతికించడం అయ్యాక అందరూ ఆగిపోయే చోటు ఇదే. ముక్కల మధ్య సందుల్లో నింపే ముద్దకు, అంటే గ్రౌట్‌కు, మొత్తానికీ ఒకే రంగు పెట్టాలా, బొమ్మలో చోటును బట్టి మార్చుకోవాలా? తెల్లది నింపేసి, ఎండాక పైన రంగు పూస్తే పోలేదా అని కూడా పదేపదే అడుగుతున్నారు. ముక్కలు కొట్టడం, అతికించడం తెలిసినవాళ్ల కోసమే ఇది. ఆ సంగతులు వదిలేసి నేరుగా గ్రౌట్ దగ్గరికే వద్దాం.

ముందు చిన్న లెక్క. 20 మి.మీ. చదరపు ముక్కల మధ్య 2 మి.మీ. సందు వదిలితే బొమ్మ వైశాల్యంలో 17 శాతం గ్రౌటే ఉంటుంది. సందు 3 మి.మీ. అయితే 24 శాతం. ముక్కను 10 మి.మీ.కి తగ్గించి సందు 3 మి.మీ. ఉంచితే 40 శాతం దాటుతుంది. పెయింటింగ్‌లా కనబడాలనే కదా ముక్కలు చిన్నవి చేస్తాం. చిన్నవయ్యేకొద్దీ గ్రౌట్ వాటా పెరుగుతూ పోతుంది. బొమ్మలో అంత చోటు తీసుకునే రంగును చివరి రోజున, దుకాణంలో ఏది ఉంటే అది తెచ్చి నింపడం వల్లే మంచి బొమ్మలు చాలా దెబ్బతింటున్నాయి.

ఏ రంగు అనేదానికన్నా ముందు ఎంత ముదురు, ఎంత లేత అన్నది చూడాలి. ఆకుపచ్చ టైల్ మధ్య ఇటుకరంగు గ్రౌట్ పెట్టినా సరే, రెండూ ఒకే ముదురులో ఉంటే సందు గీతలా కనబడదు. దూరం నుంచి రెండు రంగులూ కలిసి అదురుతున్నట్టు ఉంటాయి, ఆకులకు ప్రాణం వస్తుంది. ఒకే జాతి రంగులైనా ముదురులో తేడా ఎక్కువుంటే సందులన్నీ పైకి తేలి, బొమ్మ మీద వల కప్పినట్టు అవుతుంది. దీనికి తేలికైన పరీక్ష ఉంది. ఆరిన గ్రౌట్ నమూనాను టైల్ పక్కన పెట్టి ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపులోకి మార్చండి. రెంటికీ తేడా తెలియకపోతే ముదురు కుదిరినట్టే. నేనైతే గ్రౌట్ టైల్ కన్నా ఒక పిసరు ముదురుగా ఉండాలంటాను. లేతగా ఉన్న సందు ఉన్నదానికన్నా వెడల్పుగా కనబడుతుంది.

ఒకే గ్రౌట్ పెట్టాలనుకుంటే మూడు దారులు. నలుపు పెడితే లేత రంగులూ మెరిసే రంగులూ వెలుగుతాయి, కానీ నీడ భాగాల్లోని ముదురు ముక్కలు గ్రౌట్‌లో కలిసిపోయి అక్కడి పనితనం కనబడకుండా పోతుంది. తెలుపు పెడితే రంగులు వెలవెలబోతాయి, ముదురు ముక్కలు దేనికది విడిపోతుంది. మధ్యస్థపు బూడిదరంగు దేన్నీ పాడు చేయదు, దేన్నీ పైకీ లేపదు. లేపాక్షి మండపం కప్పు మీది చిత్రాల్లాగా నల్లటి గీతతో, లోపల చదునైన రంగుతో నడిచే బొమ్మకు ఒకే ముదురు గ్రౌట్ చక్కగా సరిపోతుంది. ముగ్గులకు, లతలకు కూడా అంతే. పని ఒక పూటలో అయిపోతుంది.

పెయింటింగ్ కళ కావాలంటే మాత్రం చోటుకో గ్రౌట్ వైపే నా మొగ్గు. కారణం అంచులు. టైల్ అంచు ఎప్పుడూ పదునుగానే ఉంటుంది, దాన్ని మెత్తబరచలేం. గ్రౌట్ రంగు మారే గీతను మాత్రం టైల్ రంగు మారే గీత మీదే ఆపక్కర్లేదు. గండికోట లోయ బొమ్మ చేస్తున్నారనుకోండి. ఎండ పడుతున్న ఎర్ర రాతికి పక్కనే నీడ ఉంది. నీడ గ్రౌట్‌ను వెలుగు ముక్కల్లోకి రెండు మూడు వరసలు పాకనిస్తే, కుంచెతో రంగు లాగినట్టు అంచు కరుగుతుంది. చూపు నిలవాల్సిన చోట, ఉదాహరణకు బురుజు అంచున, రెండు గీతలనూ ఒకేచోట ఆపితే అక్కడ పదును వస్తుంది. ఒకే గ్రౌట్‌తో ఈ రెండూ ఒకే బొమ్మలో సాధ్యం కావు.

రంగులు నాలుగుకు మించనివ్వకండి. అదే గండికోట బొమ్మకు, 500 గ్రాముల తెల్ల సిమెంటుకు మొదటి కొలతలు ఇలా పెట్టుకోవచ్చు: సాయంత్రపు ఆకాశానికి పసుపు ఆక్సైడ్ (సిమెంటులో కలిపే రంగుపొడి) 2 గ్రాములు, ఎండ రాతికి పసుపు 10, ఎరుపు 5, నీడ రాతికి ఎరుపు 15, నలుపు 10, పెన్న నీటికి క్రోమియం ఆక్సైడ్ ఆకుపచ్చ 10, నలుపు 3. మీ టైల్‌ను బట్టి అక్కడి నుంచి సర్దుకోండి. రంగుపొడి అంతా కలిపి సిమెంటు బరువులో 5 శాతం లోపు ఉంటే మంచిది, 10 శాతం దాటితే గ్రౌట్ బలం తగ్గి వేలితో రుద్దినా రంగు రాలుతుంది. బట్టలకు వాడే నీలిమందును సిమెంటులో నమ్మొద్దు, నిలవదు. ఐరన్ ఆక్సైడ్ రంగులు ఎండకూ సున్నానికీ తట్టుకుంటాయి.

రంగుపొడిని సిమెంటులో పొడిగానే కలిపి రెండుసార్లు జల్లించాలి. తడిలో వేస్తే చారలు వస్తాయి. నీళ్లు ప్రతి ముద్దకూ ఒకే కొలత ఉండాలి, ఎక్కువైన ముద్ద ఆరాక పాలిపోతుంది. సందు 3 మి.మీ. దాటితే సన్నటి ఇసుక కలపాలి, లేకుంటే కుంచించుకుని పగులుతుంది. తడిగా ఉన్నప్పటి రంగును చూసి నిర్ణయం తీసుకోవద్దు. పాడైన టైల్ మీద నమూనా వేసి రెండు మూడు రోజులు ఆరనివ్వండి, బాగా లేతబడుతుంది. 2 అడుగులకు 3 అడుగుల పలక, 20 మి.మీ. ముక్క, 3 మి.మీ. సందు, 5 మి.మీ. లోతు అయితే మొత్తం కిలోన్నర పొడి చాలు.

నింపేటప్పుడు లేత రంగుతో మొదలుపెట్టండి. పక్క భాగం మీద పేపర్ టేప్ వేసి, చేతికి తొడుగు వేసుకుని, వేలితో గానీ చిన్న పుట్టీ బ్లేడుతో గానీ సందుల్లోకి నొక్కాలి. టేప్ తీశాక, నింపిన గ్రౌట్ ఇంకా పచ్చిగా ఉండగానే పక్క రంగు అందుకోవాలి. కలిసే చోటుకు రెండు ముద్దలనూ సగం సగం కలిపిన మధ్య రంగు వాడండి. మర్నాటికి వాయిదా వేస్తే రెండు రంగుల మధ్య అతుకు గీత మిగిలిపోతుంది. ప్రతి రంగుకూ వేరే స్పాంజి, వేరే బకెట్ ఉండి తీరాలి. ఒకే స్పాంజితో తుడిస్తే నాలుగు రంగులూ ఒకే బురదరంగులోకి దిగుతాయి.

మన దగ్గర టైల్‌తో పాటు కడప నల్లబండ, బేతంచెర్ల నాపరాయి ముక్కలు కూడా వాడతారు. అవి సున్నపురాళ్లు, రంగును పీలుస్తాయి. గ్రౌట్‌కు ముందే రాతి ముక్కల ముఖానికి సీలర్ (రాయి రంగు పీల్చకుండా ఆపే పూత) పూయకపోతే లేత రాయి మీద ఎర్ర మరక ఉండిపోతుంది, గరుకు నల్లబండ మీద తెల్ల పొర పట్టుకుంటుంది. ఆ పొర పోవాలని బాత్రూం యాసిడ్ మాత్రం పోయొద్దు. రాయి నురగ కక్కి పాలిష్ పోతుంది. గ్రౌట్ నింపిన గంట తర్వాత పొడి గుడ్డతో తుడవడమే దారి. నాపరాయి కోసినప్పుడు పడే పొడిని జల్లించి ఇసుకకు బదులు కలిపితే గ్రౌట్ ఛాయ రాతికి బాగా దగ్గరవుతుంది.

తెల్ల గ్రౌట్ నింపి తర్వాత రంగు పూసే పద్ధతిలో తొందర ఉండదు, సన్న కుంచెతో ఒక్కో సందూ దిద్దుకోవచ్చు. కానీ రంగు పైపొర వరకే. గోడ మీద ఫర్వాలేదు, నడిచే చోట, ఎండ పడే చోట అరిగి తెలుపు బయటపడుతుంది. చోటుకో గ్రౌట్ నింపాక అక్కడక్కడా తప్పిన ముదురును సరిచేయడానికి దీన్ని వాడుకోవడం మేలు.

సిమెంటుకు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ వంటగట్టుకు, తడి చోట్లకు మంచిదే. మన ఎండకు గిన్నెలోనే గట్టిపడుతుంది, రంగులు ఒకదానిలోకి ఒకటి కలిపే వ్యవధి ఇవ్వదు. గ్రౌటే లేకుండా ముక్కలను తడి సున్నంలోకి నొక్కే ఇటలీలోని రవెన్నా పద్ధతి వేరే విద్య, ముందే అతికించిన పలకకు పనికిరాదు.

ఏది ఎంచుకున్నా నీళ్ల విషయం చూసుకోండి. ఉప్పు ఎక్కువున్న బోరు నీటితో కలిపితే వారానికే సందుల మీద తెల్లగా ఉప్పు తేలి, కష్టపడి కుదిర్చిన ముదురంతా పోతుంది. కలపడానికీ, చివరి తుడుపుకూ క్యాన్ నీళ్లు వాడండి. ఏప్రిల్, మే నెలల్లో పలకను నీడలో ఉంచి, సందులు కాస్త తడిపి, ఎండ దిగాక మొదలుపెట్టండి. తర్వాత పాలిథిన్ కప్పి మూడు రోజులు పలచగా నీళ్లు చిలకరించండి. ఒక మూల ముందుగా ఆరితే అదే ముద్ద అక్కడ వేరే ఛాయలో కనబడుతుంది.