ఆరేళ్లు వాడాక చెబుతున్నా: తెలుగు రాని ఫిల్టర్‌తో నా అనుభవం

హైదరాబాద్ గల్లీల చరిత్ర మీద ఆరేళ్లుగా ఒక పెద్ద వీడియో యాప్‌లో చానల్ నడుపుతున్నాను. యాప్ వాడటం సులువే, చూసేవాళ్లూ దొరుకుతారు. నా బాధంతా పోస్టులు తీసేసే ఆటోమేటిక్ ఫిల్టర్‌తోనే.

మొన్న సెప్టెంబర్ 28న మూసీ వరద మీద వీడియో పెట్టాను. 1908లో వరద ముంచెత్తింది ఆ తేదీనే. ఉస్మానియా ఆసుపత్రి దగ్గరి చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు కిందే నిలబడి మాట్లాడాను. శవాలు కొట్టుకుపోయిన సంగతి చెప్పకుండా ఆ వరద గురించి ఎలా చెప్పగలను? గంట తిరక్కుండానే వీడియో తీసేశారు. ‘హింసాత్మక కంటెంట్’ అని ఒక్క లైను వచ్చింది. ఏ మాటకో, ఎక్కడో లేదు. అప్పీల్ చేస్తే రెండు నిమిషాల్లో తిరస్కరించారు. నా వీడియో 22 నిమిషాలు. మనిషెవరూ చూడలేదని అప్పుడే అర్థమైంది.

కామెంట్లు చూస్తే ఇంకా కడుపు మండుతుంది. ఒక పెద్దాయన “చంపేశావు పో తమ్ముడూ!” అని మెచ్చుకుంటే, అది బెదిరింపట, దాచేశారు. మా చెల్లెలి మీద ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగు బూతులు మాత్రం మూడుసార్లు రిపోర్ట్ కొట్టినా కదల్లేదు.

నా భావప్రకటన హక్కు పోయిందని కోర్టుకెళదామనుకున్నాను. లాయరు స్నేహితుడు వివరంగా చెప్పాడు. భావప్రకటన హక్కునిచ్చే రాజ్యాంగం 19(1)(ఎ) ప్రధానంగా ప్రభుత్వ జోక్యం నుంచి మనకు రక్షణ. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలుకు పంపే ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు కొట్టేసింది దాని ఆధారంగానే. ప్రైవేటు కంపెనీ మీద మాత్రం దాన్ని వాడటం అంత తేలిక కాదు. అక్కడ మనకు పనికొచ్చేది 2021 ఐటీ రూల్స్. 50 లక్షలకు పైగా వినియోగదారులున్న వేదిక తనంతట తాను పోస్టు తీసేస్తే కారణం చెప్పాలి, మన వాదన వినాలి. ఫిర్యాదులు చూసే కంపెనీ అధికారికి, అంటే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాస్తే 24 గంటల్లో అందిందని చెప్పి, గడువులోగా తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లోగా కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు. ఇన్నేళ్లలో ఈ దారి ఉందని యాప్‌లో నా కంటపడలేదు, అదే కోపం.

రూల్ నంబరు వేసి, ఏ నిమిషంలో ఏం మాట్లాడానో వరసగా రాసి పంపాను. పదకొండో రోజున మనిషి రాసినట్టున్న మెయిల్ వచ్చింది, వీడియో తిరిగొచ్చింది. కానీ అప్పటికి అక్టోబర్ రెండో వారం. వరద రోజున చూద్దామని వచ్చినవాళ్లంతా ఖాళీ పేజీ చూసి వెళ్లిపోయారు.

మీ వీడియో పోతే అప్పీల్ బటన్‌తో ఆగకండి. స్క్రీన్‌షాట్, తేదీ, టైమ్ దాచుకుని గ్రీవెన్స్ ఆఫీసర్‌కే రాయండి. ఒరిజినల్ ఫైలు మీ దగ్గర ఉంచుకోండి.

యాప్‌కు అయిదుకు నాలుగిస్తాను, ఫిల్టర్‌కు ఒకటి. తెలుగు తెలిసిన మనిషిని అప్పీళ్ల దగ్గర కూర్చోబెట్టిన రోజు మార్కులు మారుస్తాను. పెద్దాయన కామెంట్ ఇప్పటికీ దాచే ఉంది. దాని మీద కూడా నిన్న మెయిల్ పెట్టాను.