మోషన్ బ్యాక్‌గ్రౌండ్స్ ప్యాక్, కొన్నేళ్లు వాడాక: రంగులకి వంక లేదు, అతుకు దగ్గరే నా గొడవంతా

పెళ్లి వీడియోల్లో టైటిల్స్ వెనకాల, స్టేజ్ స్క్రీన్ల మీద కదులుతూ ఉండే చిన్న చిన్న వీడియో క్లిప్పుల కట్ట ఇది. ప్యాక్ పేరు రాయను, అమ్మినాయన పేరూ రాయను. మన మిక్సింగ్ వాళ్ల (పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ల) మధ్య హార్డ్ డిస్క్‌లో వేసి చేతులు మారే ప్యాకుల్లో ఒకటి అనుకోండి చాలు. లోపల ఏముంటాయో అందరికీ తెలిసిందే కదా, బొకే (మసగ్గా మెరిసే లైటు చుక్కలు), స్మోక్, బంగారు పొడి, రాలే పూరేకులు, తిరిగే మండలాలు, అవన్నీ వదిలేస్తున్నా. నేను ముఖ్యంగా చెప్పేది లూప్ గురించి, అంటే క్లిప్ అయిపోయి మళ్లీ మొదలయ్యేటప్పుడు అతుకు తెలీకుండా ఆడటం గురించి. ప్రతి ఫోల్డర్ మీదా సీమ్‌లెస్ లూప్ అని రాసి అమ్మే సరుకులో లూపే సరిగ్గా లేకపోతే ఇంక దేనికి డబ్బులు తీసుకున్నట్టు?

కొన్న కొత్తలో నేనే నలుగురికి చెప్పి కొనిపించాను, ఆ మాట ఇప్పటికీ సగం నిజమే. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు అని టైటిల్స్ వేసుకోవడానికి, ఫొటోల స్లైడ్‌షో వెనకాల పెట్టడానికి చాలా బాగా పనికొచ్చింది. కానీ టైటిల్ ఎంతసేపు ఉంటుంది, ఆరేడు సెకన్లు. క్లిప్ పది సెకన్లు. అంటే చివర, మొదలు కలిసే చోటికి మనం ఎప్పటికీ వెళ్లం, అందుకే ఆ లోపం అన్నాళ్లు ఎవరి కంటా పడలేదు.

పడింది ఏలూరులో ఒక రిసెప్షన్‌లో. స్టేజ్ మీద సోఫా వెనక ఎల్‌ఈడీ వాల్, అందులో మెరూన్ మీద బంగారు రంగు మండలం మెల్లగా తిరుగుతూ ఉండాలని పార్టీవాళ్ల కోరిక. ఫైల్ ఇచ్చాం, పెట్టారు, చూడ్డానికి అద్భుతంగా ఉంది, పది సెకన్ల వరకు. పదో సెకనులో మండలం మొత్తం ఒక్కసారి ముందుకి తన్నుకుంది. మళ్లీ పది సెకన్లకి మళ్లీ. ఎల్‌ఈడీ అబ్బాయి పాపం ల్యాన్ కేబుల్ మార్చాడు, వాల్‌కి వీడియో పంపే సెండింగ్ బాక్స్ ఆపి వేశాడు, చివరికి వచ్చి "అన్నా, నా వైపేం లేదు, ఫైల్‌లోనే ఉంది" అన్నాడు. ఈలోపు పెళ్లికూతురి మేనమామ నా దగ్గరికి వచ్చి "ఏంటి బాబూ ఆ స్క్రీన్, మాటిమాటికీ కొట్టుకుంటోంది, అక్షింతలు వేసేవాళ్లు కూడా దాన్నే చూస్తున్నారు" అని నెమ్మదిగానే అన్నాడు కానీ ఆయన మొహం నాకు ఇంకా గుర్తుంది. అప్పటికప్పుడు మండలం తీసేసి కదలకుండా ఉండే ఫొటో ఒకటి పెట్టించాం. అయితే అప్పటికే రికార్డ్ అయిన ఫుటేజ్ మాటేంటి, రెండు కెమెరాల్లోనూ ఆ జంప్ పడిపోయింది, ఎడిటింగ్‌లో జంప్ వచ్చిన ప్రతి చోటా క్లోజప్‌కి కట్ చేసుకుంటూ పోవాల్సొచ్చింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

తర్వాత ఆ క్లిప్ టైమ్‌లైన్ మీద పెట్టి ఒక్కో ఫ్రేమ్ జరుపుతూ చూశాను. మండలానికి పదహారు రేకులు. 360ని 16తో భాగిస్తే 22.5 డిగ్రీలు, అంటే మండలం సరిగ్గా 22.5 డిగ్రీలు తిరిగితే ఒక రేకు పక్క రేకు చోటులోకి వచ్చేస్తుంది, మొదటి ఫ్రేముకీ దానికీ తేడా ఉండదు, లూప్ దానంతటదే కుదిరిపోతుంది. ఈ క్లిప్‌లో రేకు ఆ చోటుకి ఇంకొంచెం దూరం ఉండగానే వీడియో అయిపోయింది. అంతే, ఆ కాస్త తేడాయే పన్నెండడుగుల స్క్రీన్ మీద అంత పెద్ద కుదుపు. చేసినాయన ఒక్క భాగహారం వేసుకుంటే పోయేది! ఇంకొన్ని క్లిప్పుల్లో దీనికి ఉల్టా, మొదటి ఫ్రేమునే చివర కూడా మళ్లీ రెండర్ చేసేశారు, దాంతో ఒకే ఫ్రేమ్ రెండుసార్లు పడి ఒక క్షణం ఆగినట్టు ఉంటుంది. వాటికి మందు తేలిక, చివరి ఫ్రేమ్ ఒక్కటి కోసేస్తే చాలు.

మండలాలకి నేను ఇప్పుడు చేసేది ఏంటంటే, క్లిప్‌లోంచి శుభ్రమైన ఒక్క ఫ్రేమ్ బయటికి తీసి, మండలాన్ని వెనక రంగు లేకుండా విడిగా పీఎన్‌జీ బొమ్మ చేసుకుని, నేనే తిప్పుతా. సెకనుకి 25 ఫ్రేముల లెక్కన పది సెకన్లకి 250 ఫ్రేములు కాబట్టి మొదట్లో 0 డిగ్రీలు, 250వ ఫ్రేమ్ దగ్గర 22.5, రెండర్ మాత్రం 0 నుంచి 249 వరకే. కీఫ్రేములు (ఎక్కడ ఎంత తిరగాలో చెప్పే గుర్తులు) లీనియర్‌గానే, అంటే ఒకే వేగంతోనే ఉండాలి, ఈజ్ పెడితే అతుకు దగ్గర స్లో అయి మళ్లీ అందుకుంటుంది, అదీ కనపడిపోతుంది. లోపలి వరసలో 16, బయటి వరసలో 24 రేకులు ఉంటే 45 డిగ్రీలు తిప్పాలి, అప్పుడు రెండూ ఒకేసారి కుదురుతాయి. ఇది తెలిశాక మండలం ఫోల్డర్ నాకు వీడియోల ఫోల్డర్ కాదు, డిజైన్ల ఫోల్డర్ అయిపోయింది, ఆ రకంగా చూస్తే డబ్బులు వచ్చినట్టే.

స్మోక్, బొకే, పొడి లాంటివాటికి లెక్కలు అక్కర్లేదు. క్లిప్‌ని మధ్యలో కోసి, రెండో సగం ముందుకి, మొదటి సగం వెనక్కి పెట్టి, అవి కలిసే చోట ఒక సెకను డిజాల్వ్ (ఒకటి మెల్లగా మాయమై ఇంకోటి రావడం) వెయ్యాలి. ఇప్పుడు పాత అతుకు మధ్యలోకి వచ్చి డిజాల్వ్‌లో కలిసిపోతుంది, కొత్త మొదలూ చివరా మాత్రం ఒరిజినల్‌లో పక్కపక్క ఫ్రేములే కాబట్టి చీరకి రఫూ చేసినట్టు అతుకు ఎక్కడుందో తెలీదు. పది సెకన్లది తొమ్మిది అవుతుంది, పోతే పోయింది. ఒకే దిక్కుకి స్పీడుగా వెళ్లే గీతలు, అక్షరాలు, బొమ్మలు ఉన్నవాటికి ఈ పద్ధతి పనికిరాదు, డిజాల్వ్ దగ్గర రెండేసి నీడలు కనిపిస్తాయి. వాల్‌కి ఇచ్చేటప్పుడు పది సెకన్ల ఫైల్ ఇవ్వడం కూడా మానేశా, ఆడియో ట్రాక్ తీసేసి అరగంట ఫైల్ చేసి ఇస్తున్నా, ఎందుకంటే ఫైల్ ఎంత బాగున్నా కొన్ని ప్లేయర్లు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక రెప్పపాటు నల్లగా ఆగుతాయి.

రంగులు బాగున్నాయని మొదట్లో అన్నాను కదా, అక్కడ కూడా చిన్న మెలిక ఉంది. ప్యాక్ అంతా 8 బిట్ ఫైళ్లు, అంటే రంగుల మెట్లు తక్కువ. ముదురు నీలం నుంచి నలుపుకి వెళ్లే గ్రేడియెంట్‌లో మెట్లు మొత్తం నలభై ఉన్నాయనుకోండి, 3840 పిక్సెల్స్ వెడల్పులో ఒక్కో మెట్టు 96 పిక్సెల్స్ పట్టీ అవుతుంది, పెద్ద స్క్రీన్ మీద చారలు చారలుగా తెలిసిపోతుంది. దానికి పైన కొంచెం గ్రెయిన్ (ఇసక లాంటి సన్నటి చుక్కలు) వేస్తే చారలు చెదిరిపోతాయి, కానీ మళ్లీ తక్కువ బిట్‌రేట్ హెచ్.264లో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ గ్రెయిన్‌ని అదే మింగేస్తుంది. తక్కువ కుదించి నాణ్యత ఉంచే ప్రోరెస్ 422 హెచ్‌క్యూలో పెడదామా అంటే 4కే 25 ఫ్రేముల్లో పది సెకన్లకే దాదాపు 900 ఎంబీ. అందుకే ఎప్పుడూ వాడే కొన్నే అలా ఉంచుకున్నా, మిగతావి అవసరం పడ్డప్పుడు చూసుకోవచ్చు.

నాకు బాగా నచ్చింది, ఎవరూ పట్టించుకోనిది ఏంటంటే గ్రే ఫోల్డర్. రంగే లేని నలుపు తెలుపు స్మోక్, పొడి క్లిప్పులు. ట్రైటోన్ అనే ఎఫెక్ట్ వేసి చీకటికి ఒక రంగు, మధ్యకి ఒకటి, వెలుగుకి ఒకటి ఇస్తే పెళ్లికూతురి పట్టుచీర రంగులోనే బ్యాక్‌గ్రౌండ్ తయారవుతుంది, ఏ పార్టీ చూసినా ఇది మాకోసమే చేశారా అంటారు. ఇంకో ఫోల్డర్‌లో అదే స్మోక్‌ని ఎరుపు, పచ్చ, నీలం చేసి వేరే వేరే వీడియోలుగా లెక్కగట్టి అమ్మారు, అది మాత్రం ఒట్టి దండగ. మీ డిస్క్ నిండిపోతుంటే ముందు వాటిని తీసెయ్యండి.

సెకనుకి 30 ఫ్రేముల క్లిప్పుల్ని 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో అలాగే పడేస్తే మధ్యమధ్యలో ఫ్రేములు ఎగిరిపోయి తడబడుతుంది, 25గానే ఆడమని చెబితే 300 ఫ్రేములూ పన్నెండు సెకన్లు ఆడతాయి, కొంచెం నెమ్మదిస్తుంది, బ్యాక్‌గ్రౌండ్‌కి అదే అందం.

తెలుగు టైటిల్స్ వేసేవాళ్లకి ఇంకో సంగతి. ఈ బ్యాక్‌గ్రౌండ్స్ లావుపాటి ఇంగ్లీష్ అక్షరాల్ని మనసులో పెట్టుకుని చేసినట్టున్నాయి. మన వొత్తులు కిందకి దిగుతాయి, తలకట్లు సన్నగా ఉంటాయి, వాటి వెనక మెరుపులు కదిలితే "శ్రీరస్తు"లో వొత్తు ఎక్కడుందో వెతుక్కోవాలి. అక్షరాల వెనక భాగం వరకు బ్లర్ చేసి, బాగా డార్క్ చేస్తేనే చదవగలం.

ఫ్రీగా కావాలంటే పెక్సెల్స్, పిక్సాబే సైట్లు ఉన్నాయి, పెళ్లి వీడియోల్లో వాడుకోవచ్చు, ఉన్నదున్నట్టు తిరిగి అమ్మకూడదంతే. స్మోక్‌ని సొంతంగా చేసుకోవాలంటే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో పొగలాంటి ఆకారాలు పుట్టించే ఫ్రాక్టల్ నాయిస్ ఎఫెక్ట్‌కి సైకిల్ ఎవల్యూషన్ అని ఒక టిక్ ఉంటుంది, ఎవల్యూషన్ పూర్తి చుట్లు తిరిగేలా పెడితే లూప్ దానికదే కుదురుతుంది. కాకపోతే మాఘమాసం ముహూర్తాల్లో అంత తీరిక ఎవరికుంటుంది, ఇవన్నీ నేను చేసుకున్నది ఆషాఢంలో పనిలేనప్పుడే.

కొనాలా వద్దా అంటే, నా పని ఎక్కువగా పెళ్లిళ్లు, అందులోనూ ఈమధ్య ఎల్‌ఈడీ వాల్ ఫైళ్లు ఎక్కువ, నాకైతే దీన్ని దులిపి వాడుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. మీరు ఆల్బమ్ వీడియోలు, రీల్స్ మాత్రమే చేస్తుంటే అసలు ఆ అతుకు మీకు తగలకపోవచ్చు, ఆఫర్లో వస్తే తీసుకోండి. వాల్‌కి ఇచ్చే ప్రతి క్లిప్‌నీ మాత్రం టైమ్‌లైన్‌లో పక్కపక్కన రెండుసార్లు పెట్టి, ఆ కలిసే చోటు ఫుల్ స్క్రీన్‌లో చూశాకే పెన్ డ్రైవ్‌లో వెయ్యండి.