ప్యాసా, ఆల్ అబౌట్ ఈవ్: ఏది ముందు చూడాలి?

కళారంగంలో వెన్నుపోట్ల మీద మంచి సినిమా అడిగినవాళ్లకి నేను ఎప్పుడూ ఈ రెండే చెబుతుంటాను. వెంటనే వచ్చే ప్రశ్న, రెండింట్లో ఏది మేలు?

గురుదత్ ‘ప్యాసా’ (1957)లో దోపిడీ పచ్చిగా కనిపిస్తుంది. ఓ కవి రాసుకున్న కవితల్ని సొంత అన్నలే చిత్తుకాగితాల కింద అమ్మేస్తారు. కవి చచ్చిపోయాడనుకున్నాక అవే కవితలు అచ్చయి విపరీతంగా అమ్ముడుపోతాయి. అతను బతికే ఉన్నాడని తెలిసినా, ప్రచురణకర్త ఇచ్చిన డబ్బుకి ఆశపడి ‘వీడు మావాడు కాదు’ అంటారు ఆ అన్నలే. తర్వాత ఇంకొకడు ఎక్కువిస్తాననగానే గుర్తుపట్టేస్తారు! ఎస్.డి. బర్మన్ సంగీతం, సాహిర్ పాటలు సరేసరి. కానీ ఇందులో కవి కడిగిన ముత్యం, మోసగాళ్లు ఉత్త డబ్బు మనుషులు. ఎవరి పక్షాన ఉండాలో మనం ఆలోచించుకోవాల్సిన పనే లేదు.

‘ఆల్ అబౌట్ ఈవ్’ (1950) అక్కడే ఇబ్బంది పెడుతుంది. నా లెక్కలో తేల్చాల్సింది కూడా అదే: మోసానికి మంచివాళ్లు ఎలా చేయి కలుపుతారు? పేరున్న రంగస్థల నటి మార్గో పంచన అభిమానినంటూ చేరుతుంది ఈవ్. మార్గోకి కాస్త బుద్ధి రావాలని ప్రాణస్నేహితురాలు కారెనే కారులో పెట్రోలు తీసేస్తుంది. కారు దారిలో ఆగిపోయి మార్గో నాటకానికి అందుకోలేకపోతుంది, ఆ రాత్రి ఆమె వేషం ఈవ్ కట్టేస్తుంది. కారెన్‌కి అదో చిలిపి పని, అంతే. తర్వాత ఆ పెట్రోలు సంగతే బయటపెడతానని బెదిరించి, కారెన్ భర్త రాసిన కొత్త నాటకంలో పాత్ర అడుగుతుంది ఈవ్. పైగా ఆమె నిజంగానే గొప్పగా నటిస్తుంది. అందుకే తిట్టుకుందామన్నా నోరు పూర్తిగా రాదు. నా ఓటు దీనికే. 138 నిమిషాలూ మాటలే మాటలు, అంత ఓపిక లేకపోతే ‘ప్యాసా’తోనే మొదలుపెట్టండి.

‘బిగ్ ఐస్’ (2014) కూడా అడుగుతుంటారు. భార్య వేసిన బొమ్మల్ని తనవని అమ్ముకున్న భర్త కథ, నిజంగా జరిగిందే. జడ్జి ఇద్దర్నీ అక్కడికక్కడే బొమ్మ వేయమంటే ఆయనకి భుజం నొప్పి వచ్చేస్తుంది. ఆ సీను కోసం ఒకసారి చూడొచ్చు.