పెద్ద వయసులో పళ్లు సరిచేయించుకోవాలంటే: క్లిప్పులా, అలైనర్లా?

క్లిప్పులంటే పళ్లకు అతికించే బ్రాకెట్లు (చిన్న బిళ్లలు), వాటిని కలిపే తీగ. అలైనర్ అంటే పళ్ల మీద తొడిగి తీసే పారదర్శక ప్లాస్టిక్ ట్రే, ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ పళ్లను జరుపుతారు.

చిగుళ్ల నుంచి రక్తమో చీమో వస్తుంటే ముందు ఆ జబ్బు తగ్గించుకోండి. వాపు ఉండగా పళ్లను జరిపితే వాటిని పట్టుకున్న ఎముక మరింత కరుగుతుంది. షుగర్ అదుపులో లేకపోతే ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది.

శుభ్రత: తీగ కింద, బ్రాకెట్ల చుట్టూ పాచి పేరుకుంటుంది, పళ్ల సందుల్లో తోమే చిన్న బ్రష్ (ఇంటర్‌డెంటల్ బ్రష్) రోజూ వాడాల్సిందే. అలైనర్‌ను తీసి మామూలుగా తోముకోవచ్చు. కానీ తీపి టీ తాగి అలాగే తొడిగేస్తే చక్కెర పంటిని అంటిపెట్టుకునే ఉంటుంది, లాలాజలం అక్కడికి చేరి కడగలేదు. మందుల వల్ల నోరు ఎండిపోయేవాళ్లు ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి.

శ్రమ: క్లిప్పులు పెట్టాక 4–8 వారాలకోసారి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అలైనర్ రోజుకు 20–22 గంటలు నోట్లో ఉండాలి. తగ్గితే తర్వాతి ట్రే సరిగా కూర్చోదు.

ఖర్చు: సాధారణంగా అలైనర్లకే ఎక్కువ.

పళ్లకు ఇదివరకే చేయించుకున్న పనులు: పింగాణీ క్యాప్ మీద బ్రాకెట్ తేలిగ్గా ఊడుతుంది. ఎముకలో బిగించిన కృత్రిమ పన్ను (ఇంప్లాంట్) మాత్రం దేనితోనూ కదలదు.

ఎముకలు గుల్లబారినందుకు బిస్ఫాస్ఫోనేట్ మందులు వాడుతుంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. పళ్లు నెమ్మదిగా కదులుతాయి, పన్ను పీకాల్సి వస్తే దవడ మానకపోవచ్చు.

చిగుళ్ల జబ్బు తగ్గినవాళ్లకు, క్లిప్పుల్లో ఉండే నికెల్ లోహం పడనివాళ్లకు, కొద్దిపాటి వంకరలకు అలైనర్ నయం. పన్ను బాగా తిరిగిపోయినా, పీకిన ఖాళీ మూయాలన్నా, ట్రే తీసి మరిచిపోయే అలవాటున్నా క్లిప్పులే మేలు.